కాన్పు అయ్యేదాకా

“గాజులన్నీ తీసెయ్యాలమ్మా. ముక్కుపుడక కూడా,” అంది నర్సు.

కుంతళ గబుక్కున అడ్డం వచ్చింది. “శంఖం గాజులు మాత్రం ఉండనివ్వండమ్మా. పైన గుడ్డ చుట్టేస్తాను. ఐదోతనం…”

“ఆపరేషన్‌కి వెళ్లేవాళ్లెవరికైనా ఇదే పద్ధతి. బయటికొచ్చాక వేసుకుంటుందిలే.”

“తీసెయ్యండి అత్తమ్మా,” అంటూ ఝిల్లీ రెండు చేతులూ చాచింది.

కుంతళ ఒక్కొక్క గాజే తీసి కొంగున కట్టుకుంది. కోడలు గోడవైపు చూస్తూ ఉండిపోయింది. కత్తికి భయపడుతోంది కాబోలనుకుంది కుంతళ.

కుంతళ ఒక్కగానొక్క కొడుకు టుకునా సూరత్‌లో మగ్గాల మిల్లులో పనిచేసేవాడు. పోయిన వారం మగ్గం దగ్గరే కరెంటు కొట్టి ప్రాణం పోయింది. ఆ కబురు మోసుకుని తమ్ముడు నకుల బ్రహ్మపురంలోని ఈ ఆసుపత్రికి వచ్చి, అక్కను మెట్ల కిందికి పిలిచి చెప్పాడు. కుంతళ చీరకొంగు నోట్లో కుక్కుకుంది. పై అంతస్తులో కోడలు ఉంది. బిడ్డ అడ్డం తిరిగిందని, బీపీ దిగడంలేదని, కోసి తీయక తప్పదని డాక్టరమ్మ ముందే రోజు పెట్టి చేర్చుకుంది. పోయినసారి ఇలాగే బీపీ ఎక్కి, ఫిట్స్ వచ్చి, కడుపులో బిడ్డ దక్కలేదు.

“శవాన్ని ఊరికి తెస్తే ఏడుపులు దీని చెవిన పడతాయి రా. నువ్వెళ్లి అక్కడే కానిచ్చెయ్యి,” అంది కుంతళ.

“నువ్వు వాడి మొహమన్నా చూడవా అక్కా?”

“చూడను. కాన్పు అయ్యేదాకా దానికి తెలియకూడదు.”

నకుల కాక, డాక్టరమ్మ ఒక్కతికే తెలుసు.

అమ్మవారు తారాతారిణి తల్లి కూడా తనకే సాయపడుతోందనుకుంది కుంతళ. నకుల వచ్చిన ఆ రోజే ఝిల్లీ, “ఈ ఫోన్ పాడైంది, మీ సంచిలో పడెయ్యండి,” అని తనంతట తానే ఇచ్చేసింది. మైల రోజుల్లో చేప ఎలా ముట్టనివ్వాలా అని కుంతళ తల్లడిల్లుతుంటే, “వాసన పడటంలేదు, నాకు చేపల కూర తేకండి,” అని తనే చెప్పింది. ఒక్క తిండి దగ్గరే కోడలితో చావొచ్చింది.

ఈ పొద్దున కూడా అదే గొడవ. “కోసేది నా కడుపు. మధ్యలో మీకెందుకు పస్తు? ఆ నానబెట్టిన అటుకులు తినండి.”

“ఆకలి లేదే.”

“లేకపోయినా తినండి. మీరు పడిపోతే నా బిడ్డనెవరు ఎత్తుకుంటారు? ఈ నర్సమ్మా? ఆవిడ నన్నే కసురుకుంటోంది!”

పక్క మంచం ఆవిడ పకపకా నవ్వింది. కుంతళ మట్టి తిన్నట్టు నాలుగు ముద్దలు మింగింది.

నర్సు కాగితం తెచ్చింది. “భర్త సంతకం కావాలి. ఏడీ ఆయన?”



“ఆయన రాలేరు. మా అత్తమ్మ పెడతారు,” అంది ఝిల్లీ.

బతికించావు తల్లీ అనుకుని కుంతళ వేలిముద్ర వేసింది.

థియేటర్లోకి ఎవరినీ రానివ్వరు. డాక్టరమ్మ మాత్రం కుంతళను లోపలికి పిలిచి తల దగ్గర స్టూలు వేయించింది. చలి. ఝిల్లీని కూర్చోబెట్టి, ముందుకు వంచి, వెన్నులో సూది వేశారు. కాసేపటికి కాళ్లు తనవి కానట్టయిపోయాయంది. ఛాతీ మీద అడ్డంగా ఆకుపచ్చ గుడ్డ కట్టారు.

“లాగినట్టు ఉంటుంది, నొప్పి తెలీదు. అత్తగారితో కబుర్లు చెప్పు,” అంది డాక్టరమ్మ గుడ్డకు అవతలనుంచి.

“చెప్పండి అత్తమ్మా. ఆయన పుట్టినప్పటి సంగతులు చెప్పండి.”

“వాడా… వాడు ఇంట్లోనే పుట్టాడు. వాన. కప్పంతా కారుతోంది. మంత్రసాని గొడుగు పట్టుకు కూర్చుంది…”

“ఊఁ.”

“పుట్టగానే ఏడవలేదు. వీపు మీద ఒక్కటిస్తే…”

ఝిల్లీ కంటి కొసలనుంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి.

“నొప్పా తల్లీ?”

“లేదు. లాగుతోందంతే. మీరు ఆపకండి.”

కుంతళ ఆపలేదు. కొడుకు మొదటి అడుగు, మొదటి బడి, మొదటిసారి సూరత్ రైలెక్కడం. చెబుతున్నంతసేపూ నవ్వు మొహం పెట్టుకునే ఉంది. గుడ్డ అవతల చప్పుళ్లు ఆగాయి. అప్పుడు వినిపించింది, సన్నగా, కోపంగా, ఏడుపు.

“ఆడపిల్ల,” అంది డాక్టరమ్మ.

తుడిచి తెచ్చి చూపించారు. అదే నుదురు. అవే అతుక్కున్న కనుబొమలు. కుంతళ పళ్లు బిగబట్టి, “చూడవే, అచ్చం వాడే,” అంది.

కుట్లు వేయడం అయ్యాక డాక్టరమ్మ కుంతళను పక్కకు పిలిచింది. “బీపీ దిగింది. గండం గడిచినట్టే. ఇంక మెల్లగా చెప్పొచ్చు. నన్ను చెప్పమంటారా?”

“వద్దమ్మా. నేనే చెప్తాను.”

వార్డులో ఝిల్లీ పక్కకు ఒత్తిగిలలేక వెల్లకిలా పడుకుని ఉంది. నర్సు బిడ్డను రొమ్ముకు పట్టించి వెళ్లింది. పాప తాగి నిద్రపోయింది. కుంతళ మంచం పక్కన నిలబడి నోరు తెరిచింది. చివరికి వచ్చింది మళ్లీ అబద్ధమే. “టుకునాకి కబురు పంపాను. కూతురని తెలిసి ఎగిరి గంతేశాడట.”



“ముందు కూర్చోండి అత్తమ్మా. అలా కాదు, వీపు గోడకి ఆనించండి.”

కుంతళ కూర్చుంది.

ఝిల్లీ చెయ్యి చాచి అత్తగారి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“ఇంక ఏడవండమ్మా, సూరత్ నుంచి ఆ కబురు ముందు నా ఫోన్‌కే వచ్చింది.”