తప్పు తాళం

తాత పాడెని దింపుడు కళ్లం దగ్గర దించారు. ప్రాణం వస్తుందేమోనని నాన్న ఆయన చెవిలో మూడుసార్లు పిలిచాడు. ముసలోడు బతికుండగా ఎవరి మాట విన్నాడు గనక, ఇప్పుడు వినడానికి?

వెనకాల డోళ్లు తాళం తప్పి మోగుతున్నాయి. అవి తాత తొలిచి, తోలు బిగించిన డోళ్లే. వాయించేది తాత తన్ని నేర్పిన శిష్యులే. నాకు ఒళ్లు మండింది.

"ఒరే సింవాద్రీ, సిగ్గునేదేట్రా? తాత నేర్పిన తాళం ఇదేనా?"

సింవాద్రి ముక్కు చీదాడు.

"మీ మామ్మే సెప్పింది బావా. పెళ్లినాడు తాళం తప్పిందని, తనని పీటలమీదొగ్గేసి లేసెల్లి డోలు లాక్కున్నాడంట. ఇప్పుడూ లేస్తాడేమో, తప్పు వాయించి సూడండ్రా అంది."

తాత వైపు చూశాను. కదల్లేదు.

"ఇంకా తప్పు వాయించరా," అన్నాను.