లేచిందబ్బా

కాగజ్‌నగర్‌ల ఆ రాత్రి మిల్లు పని నుంచి వచ్చి ఖుర్షీద్ పాత కంప్యూటర్ ఆన్ చేసిండు. బిడ్డ హుస్నా ఫొటోలన్నీ దాంట్లనే ఉన్నయి.

దాని లోపలి చిన్న బ్యాటరీ ఎన్నడో ఖరాబైంది. అందుకే ఎప్పుడు పెట్టినా నల్లటి తెర మీద ఆగి, కీబోర్డు మీది ఎఫ్‌వన్ మీట నొక్కుమని అడుగుతది. కొత్త బ్యాటరీ వేయిస్తనని తండ్రి అంటే హుస్నా వద్దనేది.

"నేనున్న గదా అబ్బా, నొక్కుత."

టక్కున నొక్కి, "లేచిందబ్బా!" అని ఇల్లంత వినబడేటట్టు అరిచేది.

ఎండకాలంల జ్వరంతోని పండుకున్న పిల్ల మళ్ల లేవలే. ఆ కీబోర్డును వైరు పీకి, ఆమె చున్నీల చుట్టి, బీరువల పెట్టి తాళమేసిండు ఖుర్షీద్. భార్య రుబీనా ఆ ఇంట్ల ఉండలేక తల్లిగారింటికి పోయింది.

ఇప్పుడు కూడ తెర ఆగింది. ఎఫ్‌వన్ నొక్కుమన్నది. కీబోర్డు బీరువల ఉన్నదన్న సంగతి అప్పుడు యాదికొచ్చింది. తాళంచెవి కోసం లేచిండు.

బీరువ లోపల టక్కుమన్నది.

తెర ముందుకు జరిగింది.

ఖుర్షీద్ తాళంచెవి తెచ్చి బీరువ ముందు నిలబడ్డడు. అయినా తాళం తియ్యలే. తీస్తే లోపల చున్నీ, కీబోర్డు తప్ప ఇంకేం ఉండదేమోనని భయం. కంప్యూటర్ బంద్ చేసి మళ్ల పెట్టిండు. తెర ఆగింది. లోపల మళ్ల టక్కుమన్నది. ఇంకోసారి బంద్ చేసి పెట్టిండు.

ఈసారి తెర ఆగింది గని చప్పుడు రాలే. కంప్యూటర్ ఫ్యాన్ ఒక్కటే గుయ్యిమంటున్నది.

చానాసేపు చూసి, బీరువ తలుపుకు చెంప ఆనిచ్చిండు.

"ఒక్కసారి లే, బేటా."