గుడ్డుకు నూనె

అవి ముసురు పట్టిన రోజులు. ఒక పెరట్లో తవుడు గంప పక్కన చుక్కల కోడిపెట్ట గుడ్లు పొదుగుతోంది. పక్క కాలువ గట్టున ఉండే బాతుకేమో అందరి సంసారాలూ తనే చక్కబెట్టాలని ఆత్రం.

పెట్ట నాలుగు గింజలు తిని వచ్చేసరికి, బాతు తన తోక దగ్గర ఊరే నూనెను ముక్కుతో తీసి ఒక గుడ్డుకు పూస్తోంది.

"ఏం చేస్తున్నావ్ వదినా!" అని పెట్ట అరిచింది.

"తడి దిగకుండా పూస్తున్నా. నా రెక్కలు చూడు, చుక్క నీరు అంటదు."

పెట్టకు ఒళ్లు మండిపోయింది. "రెక్కలకు ఊపిరి అక్కర్లేదమ్మా, లోపలి పిల్లకు కావాలి! గుడ్డు పెంకు నిండా కంటికి ఆనని కన్నాలున్నాయి. లోపల పోగైన చెడ్డ గాలి వాటిలోంచే బయటికి పోతుంది. బయట దండిగా ఉన్న మంచి గాలి దానంతటదే లోపలికి చేరుతుంది. నువ్వు ఆ దారి పూడ్చేశావు! అడక్కుండా సాయం చెయ్యొద్దని ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

తిడుతూనే గుడ్డును తవుడులో దొర్లించి తుడిచింది. చెవి ఆనిస్తే లోపల పిల్ల మెల్లగా కదిలింది.

బాతు కాలువ వైపు చూసింది. "మరి నా గుడ్లన్నిటికీ పూసే వచ్చానే, ఇప్పుడే..."

"నడు! ముక్కునిండా తవుడు పట్టుకురా" అంటూ పెట్ట వానలోకి దిగింది.

ఇద్దరూ కలిసి గట్టు మీది బాతు గుడ్లన్నీ తుడిచారు. పెట్ట ఒక్కోదానికీ చెవి ఆనించి, అన్నీ కదులుతున్నాయని చెప్పేసరికి బాతు భోరుమంది.

"ఏడుపు తర్వాత, ముందు వాటి మీద కూర్చో!" అని కసిరి, తన గుడ్లు చల్లారిపోతాయని పెట్ట పరుగందుకుంది.