గాలానికి తగిలిన బరువు

ఎర గుచ్చుదామని శ్రీధర్ తల వంచాడో లేదో, కాలువలో బుడుంగుమని చప్పుడైంది.

తల ఎత్తాడు. నీళ్ల నడుమ ఒక్కసారి పైకి తేలి, మళ్లీ మునిగింది.

శ్రీధర్ ఎర కింద పారేసి ఉత్త గాలమే విసిరాడు. తప్పింది. మళ్లీ విసిరాడు. పక్కకు పోయింది. ఇంకోసారి విసిరితే తగిలింది. దారం బిగిసింది. రీలు గిర్రున తిరిగింది. కర్ర వంగిపోయింది.

శ్రీధర్‌ను ఎరిగినవాళ్లెవరైనా, ఇంత బరువు తగిలితే అతను గంతులేస్తాడనే అనుకుంటారు. నిజామాబాద్‌లో అతనిది మొబైల్ రిపేరు షాపు. ఆదివారం వస్తే చాలు, షాపు మూసేసి బోధన్ దాటి, చెరుకు తోటల పక్కన ఈ కాలువ గట్టు మీద వాలిపోతాడు. పట్టే చేపల కన్నా చెప్పే కబుర్లే ఎక్కువని దోస్తులు ఏడిపిస్తారు. అవును మరి, కబుర్లకేం కొదవ! రబ్బరు కప్పలన్నీ కంపెనీవాళ్ల మోసమట. కొర్రమీను బతికిన కప్పకు తప్ప నోరు తెరవదట. కోడి పేగులతో పట్టేవాడు అసలు గాలం పట్టడానికే పనికిరాడట. అతని చేతికి చిక్కినవన్నీ చిన్నవే, జారిపోయినవన్నీ పెద్దవే. ప్రతివారం ఇంటికెళ్లి చేతులు చాచి, "గింత ఉండె, ఒడ్డుదాక వచ్చి పోయింది" అంటాడు. భార్య శ్రీవాణి ఆ చేతుల వంక చూసి పకపకా నవ్వుతుంది. "ఈత రాదు, నీళ్ల కాడ ఏం పని నీకు?" అని తిడుతుంది కూడా.

ఈసారి మాత్రం పోకూడదు. పోతే ఆ ఇంటి గడప తొక్కే ముఖం తనకు లేదు.

కాలువ నిండుగా పారుతోంది. రెండు వైపులా సిమెంటు గోడలు, పాచి పట్టి ఉన్నాయి. దిగినవాడు మళ్లీ ఎక్కలేడు. ముందర వంతెన, దానికి కాస్త ఇవతల మెట్లు, వంతెన కింద షట్టర్లు. అక్కడిదాకా పోతే ఇక దక్కదు.

గట్టిగా లాగెయ్యాలని చేతులు తొందరపెట్టాయి. అతను లాగలేదు. పారే నీళ్లకు ఎదురు లాగితే దారం తెగుతుంది, ప్రవాహంతో పాటు నడుస్తూ మెల్లగా ఒడ్డుకు మళ్లించుకోవాలి. ఈ పాఠం ఎందరికి చెప్పాడో లెక్కలేదు. చెప్పినంత తేలిక కాదని ఇప్పుడు తెలుస్తోంది. బైకు, గొడుగు, రెండు టిఫిన్ డబ్బాలు, చెప్పులు అన్నీ అక్కడే వదిలి, కర్ర ఎత్తిపట్టుకుని గట్టు వెంట పరుగందుకున్నాడు.

"కాకా! ఓ కాకా!"

ఆ కేకకు చెరుకు తోటలోంచి రామకోటేశ్వరరావు బయటికొచ్చాడు. ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూమి కొనుక్కుని స్థిరపడిన రైతు. ఆదివారాలు శ్రీధర్ కబుర్లకు ఊకొట్టేది ఆయనే. నీళ్లలోకి చూశాడు. చేతిలో పార జారిపోయింది.

"లాగబాక అబ్బాయ్! దారం తెగుద్ది!"

"ఎరుకే కాకా! నువ్వు ముంగటికి ఉరుకు! మెట్ల కాడ నిలవడు!"

ముసలాయన పంచె ఎగ్గట్టి పరుగు తీశాడు.

శ్రీధర్ జేబులో ఫోను మోగింది. శ్రీవాణే అయి ఉంటుంది. పొద్దుటి నుంచి చేస్తూనే ఉంది. ఎత్తి ఏం చెప్పాలి? మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ మొదలైంది.

దారం వేలిని కోసింది. నెత్తురు కారుతున్నా నొప్పి తెలియలేదు. కొక్కెం గట్టిగా దిగిందా, కొసన తగులుకుని ఉందా? కొసన ఉంటే ఒక్క కుదుపు చాలు, జారిపోవడానికి.

"నా తల్లీ, జారకు," అని గొణిగాడు. "జర ఓపిక పట్టు."

వంతెన దగ్గరైంది. షట్టర్ల హోరు చెవుల్లో పడుతోంది.

అప్పుడు పెనుగులాట ఆగిపోయింది.

పెనుగులాట ఆగితే సగం గెలిచినట్టే, ఇక నింపాదిగా చుట్టుకోవచ్చు. ఇదీ అతను చెప్పే పాఠమే. ఇప్పుడది గుర్తొచ్చి ఒళ్లంతా చల్లబడింది. ఒక్కసారి కదులు, ఒక్కసారి తన్నుకో అని లోలోపల వేడుకున్నాడు. దారంలో చలనం లేదు.

"ఇటు తిప్పు! ఇటు తిప్పయ్యా!" రామకోటేశ్వరరావు మెట్ల దగ్గర నడుము లోతు నీళ్లలో ఉన్నాడు. ఒక చేత్తో ఇనుప కడ్డీ పట్టుకుని రెండో చెయ్యి చాచాడు. "అందట్లా! ఇంకొంచెం!"

శ్రీధర్ ఊపిరి బిగబట్టి కర్రను ఒడ్డువైపు వాల్చాడు. బరువు మెల్లగా మళ్లింది. ఇంకాస్త మళ్లింది.

దారం ఫట్టుమని తెగింది.

శ్రీధర్ కళ్లు మూసుకున్నాడు.

"దొరికింది! దొరికిందిరా అబ్బాయ్, రా!"

కర్ర విసిరేసి మెట్ల మీద పడుతూ లేస్తూ దిగాడు. ఇద్దరూ కలిసి గట్టు మీదికి చేర్చారు. నీళ్లలో తెలియని బరువు ఒడ్డున తెలుస్తుందని అతను ఎప్పుడూ అంటుండేవాడు. ఇప్పుడు చేతుల్లో బరువే తెలియలేదు.

బోర్లా పడుకోబెట్టి ఇద్దరూ వీపు చరుస్తూనే ఉంటే, చాలాసేపటికి బొళక్కున నీళ్లు కక్కి, గౌను నడుంపట్టీలో కొక్కెం అలాగే వేలాడుతుండగా, అతని ఐదేళ్ల కూతురు నిఖిత "బాపూ" అని ఏడ్చింది.