ఊఁ కొట్టే మొగుడు

"రేప్పొద్దున పర్చూరు బస్సెక్కి మా అమ్మ దగ్గరికి పోతన్నా."

"ఊఁ."

"మళ్లీ రాను."

"ఊఁ."

"పొయ్యి మీద నీ తలకాయ కూర వండి పెట్టా. తిని పడుకో."

"ఊఁ... ఉప్పు చూసుకో," అన్నాడు జక్రయ్య, ఫోన్లోంచి తల ఎత్తకుండా.

రెబ్కా నడుం మీద చేతులు పెట్టుకుని మొగుణ్ణి చూసింది. కోల్డ్ స్టోరేజీలో రోజంతా మిర్చి బస్తాలు మోసే మెడ అది. ఓనరు ముందు వంగమంటే వంగదు. హమాలీల తరఫున గేటు దగ్గర అందరికంటే గట్టిగా అరిచేది జక్రయ్యే. అంతటి మెడ ఇంటికొచ్చి అరచెయ్యంత అద్దం ముందు వాలిపోతుంది. ఆదివారం చర్చిలో అందరికంటే ముందు తల వంచేదీ అతనే, ఆఖరున ఎత్తేదీ అతనే. ఆ భక్తికి పాస్టరుగారు మురిసిపోతుంటారు. పాపం, ఒళ్లో ఏముందో పుల్పిట్ మీదికి కనపడదు కదా!

రెబ్కా సంచి తీసి చీరలు కుక్కడం మొదలుపెట్టింది. అప్పుడే ఫోన్ చచ్చింది.

"ఛార్జింగ్ పెట్టవే," అని చెయ్యి చాచాడు. ముఖం మాత్రం ఇటు తిప్పలేదు.

ఆమె తీసుకుపోయింది. కాసేపటికి తెచ్చి ఇచ్చింది. "ఇదిగో, నీ రెండో పెళ్లానికి కడుపు నిండింది."

"ఊఁ."

జక్రయ్య బొటనవేలితో బొమ్మలు తోసుకుంటూ పోయాడు. ఒక మేక పెళ్లి బ్యాండుకి డాన్సు వేస్తోంది. పడీపడీ నవ్వాడు. నవ్వీ నవ్వీ కళ్ల నీళ్లొస్తే, అదే బొటనవేలితో కళ్లు తుడుచుకున్నాడు.

"వామ్మో! కళ్లు! రెబ్కా, నా కళ్లు పోయినయ్యే!"

ఫోన్ ఒక మూలకి, మనిషి ఒక మూలకి. గుంటూరు జిల్లాలో పుట్టినోడికి ఆ మంట ఏమిటో వేరే చెప్పాలా!

"గంతులెయ్యమాక. పని నుంచి వచ్చి చేతులు కడుక్కున్నావా?" అంది రెబ్కా.

"కడుక్కున్నా."

"ఎప్పుడు?"

జక్రయ్య ఆలోచించాడు. బండి దిగేటప్పుడు ఫోన్లో ఎవడో కోడిని వేపుతున్నాడు. గుమ్మం దాటేటప్పుడు ఎవతో ఏడుస్తోంది. చేతులు కడిగింది మాత్రం ఎంత వెతికినా గుర్తు రాలేదు.

"కడుక్కోలేదనుకుంటా," అన్నాడు ఏడుపు గొంతుతో.

"మిర్చి చేతుల్తో కళ్లు నలుపుకుంటే మండక చల్లగా ఉంటదా? పడుకో. తెరవమాక."

నీళ్లతో కడిగి, చల్లటి పాలలో గుడ్డ ముంచి కళ్ల మీద వేసింది. చీకటి. ఫ్యాను చప్పుడు. మేక లేదు, బ్యాండు లేదు. జక్రయ్యకి భయమేసింది.

"ఏదన్నా మాట్లాడవే."

"మాట్లాడితే ఊఁ అంటావు."

"అననే. ఒట్టు. చెప్పు."

రెబ్కా చెప్పింది. తను మిర్చి తొడిమలు తీసే షెడ్డులో కారం ఘాటుకి రోజూ దగ్గొస్తోందంది. ముక్కుకి గుడ్డ కట్టుకుంటే పని నెమ్మదిస్తోందని మేస్త్రి కసురుతున్నాడంది. కూతురు జాస్మిన్ హాస్టల్ నుంచి ఫోన్ చేసి, "నాన్న బాగున్నాడా?" అని అడక్కుండా "నాన్న ఏం చూస్తున్నాడు?" అని అడిగిందంది. జక్రయ్య నోరు మూసుకుని విన్నాడు. వింటూ వింటూ ఉలిక్కిపడ్డాడు.

"ఆగాగు. నీ మాటలో గాలి పోతందేందే?"

రెబ్కా గుడ్డ తీసి మళ్లీ పాలలో ముంచి వేసింది.

"చెప్పవే!"

"ముందరి పన్ను పీకించుకున్నా."

"ఎప్పుడు? నాకెందుకు చెప్పలా?"

"పోయిన సోమవారం. బండి మీద ఆస్పత్రికి తీసుకుపోయింది నువ్వే. బయట బల్ల మీద కూర్చున్నావు. పన్ను పీకారయ్యా అని దూది కరుచుకుని చెప్తే, ఊఁ అన్నావు."

ముందు పన్ను! వారం నుంచీ అన్నం పెడుతోంది, తిడుతోంది, ఎదురుగా తిరుగుతోంది. జక్రయ్య చెయ్యి చాచి గాలిలో వెతికాడు. ఆమె గడ్డం దొరికింది.

"పర్చూరు పోమాకే."

"ఆ మాట ఇన్నావా?"

"అప్పుడన్నది ఇప్పుడు ఇనపడిందే."

రెబ్కా పక్కనుంచి లేచింది. ఆ తర్వాత బీరువా తలుపు కిర్రుమంది. చీరలు ఒక్కొక్కటే సంచిలోంచి లోపలికి పోతున్న చప్పుడు విని, జక్రయ్య బుద్ధిగా, గట్టిగా కళ్లు మూసుకున్నాడు.

మర్నాడు సాయంత్రం ఫోన్ ఇంట్లో పడేసి, పెళ్లాన్ని తీసుకురావడానికి తొడిమల షెడ్డుకి వెళ్లాడు. తప్పు తనది. మంచి బుద్ధి చెప్పింది తన చెయ్యే. ఇక మీదట వస్తూనే సబ్బుతో కడుక్కోవాలని దారంతా అనుకున్నాడు.

బెల్లు కొట్టారు. రోజూ అయితే ఆ షెడ్డు కుళాయి దగ్గర సబ్బు ముక్క కోసం జుట్లు పట్టుకుంటారు. ఇవాళ కుళాయి ఒంటరిగా నిలబడి ఉంది. ఆడవాళ్లంతా అప్పుడే గోరింటాకు పెట్టుకున్న పెళ్లికూతుళ్లలా, చేతులు ఒంటికి తగలనివ్వకుండా బయటికి వస్తున్నారు.

"ఏందే, నీళ్లు రావట్లేదా?" అన్నాడు జక్రయ్య, ఎదురొచ్చిన రెబ్కాతో.

ఆమె నోరు తెరిచేలోపే వెనకనుంచి తోటి కూలీ నాజియా కేకేసింది.

"రెబ్కక్కా! మా ఆయన ఫోను నీ మొగుడి దానికంటే పెద్దది. అంతా పులమాలా, బొటనవేలు తిరిగే చోట రాస్తే చాలా?"