మానిన గాయం

"చూశావుటే? మానిపోయింది!"

కుట్టు మిషను ముందు కూర్చున్న అమ్మ బొటనవేలు చూపించింది. రెండు నెలలుగా నోరు తెరుచుకునే ఉన్న కత్తెర గాయం మీద లేత చర్మం కమ్ముకుంది.

నా గుండె జారిపోయింది.

అమ్మ కిడ్నీలో క్యాన్సర్ గడ్డ ఉంది. మూడు వారాల కిందట వేలికి కట్టు మార్చాక, డాక్టరమ్మ నన్ను తెర అవతలికి పిలిచింది. "ఒంట్లో ఒక ప్రొటీన్ కబురు పెడితేనే కొత్త రక్తనాళాలు మొలుస్తాయి. గడ్డ పెరిగేది వాటితోనే. ఆ కబురు అందకుండా మాత్రలిచ్చాం. కానీ గాయం మానాలన్నా అదే ప్రొటీన్ కావాలి," అని గుసగుసగా చెప్పి, చివర్లో గొంతు పెంచింది. "ఈ మాత్రల వల్లే వేలు మానడం లేదమ్మా!"

గడ్డ సంగతి అమ్మకు చెప్పలేదు. అవి బలానికి మాత్రలన్నాను.

"ఎలా మానిందమ్మా?"

"డాక్టరమ్మ అన్నది నాకూ వినపడిందిలే." అమ్మ కిసుక్కున నవ్వి గుండీల డబ్బా మూత తీసింది. తెల్ల గుండీల మధ్య మూడు వారాల మాత్రలు, ఒక్కటీ తగ్గకుండా ఉన్నాయి. "నువ్వు బెంగపడతావని చెప్పలేదు. బలం కాస్త తగ్గితే తగ్గిందే, వేలు లేకపోతే కాజాలెలా కుట్టను?"

ఆ వేలిని గుప్పిట్లోకి తీసుకున్నాను. ముద్దు పెట్టుకుంటాననుకుంది పిచ్చితల్లి.

ఎక్కడైనా ఇంకా పచ్చిగా ఉందేమోనని, నేను దాన్ని నొక్కి నొక్కి చూస్తున్నాను.