ఎర్రబడ్డ వాష్‌బేసిన్

ఐలయ్య పుక్కిలించి ఉమ్మగానే వాష్‌బేసిన్ ఎర్రగా వెలిగింది. నోట్లో నెత్తురుంటే అది అలాగే వెలిగి, వార్డు ఆఫీసుకు కబురు పంపుతుంది. చిగుళ్ల క్రిములు నెత్తురు తాగి, పళ్ల మీద మందులకు లొంగని పాచిగోడ కట్టుకుంటున్న కాలమది. చిగుళ్ల నుంచి నెత్తురు కారేవాళ్లను ఆఫీసువాళ్లు ఇంట్లో ఉండనివ్వడం లేదు.

“ఏం తిన్నవ్?” భార్య సుగుణ నిలదీసింది.

“బండికాడ మేకనెత్తురు వేపుడు.”

కార్తీకమాసంలో ఇంత తేలిగ్గా ఒప్పుకుంటాడా? ఆమె అతని చెయ్యి లాక్కుని వాసన చూసింది. మసాలా వాసనే లేదు.

“ఎప్పటిసంది కారుతున్నయ్?”

ఐలయ్య పెదవి పైకెత్తి చిగుళ్లు చూపించాడు.

“ఆఫీసోళ్లు అడిగితే గా వేపుడు మాటే చెప్పు,” అంటూ సుగుణ, ఎందుకో అనుమానమొచ్చి తనూ పుక్కిలించి ఉమ్మింది.

బేసిన్ మళ్లీ ఎర్రగా వెలిగింది. బుద్ధెరిగినప్పటినుంచీ నీచు ముట్టని మనిషి, తానేం తిన్నానని చెప్పాలి?